రికార్డర్ ఆపిన తర్వాత

నాలుగేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. అది నాది కాదు. ఒక నర్సు నన్ను నమ్మి చెప్పింది. నేను దాన్ని సగానికి కోసి, కోసిన సగాన్ని నలుగురి ముందు పెట్టాను. దాచుకున్న రెండో సగమే ఇన్నేళ్లుగా గొంతులో ఉంది. అన్నం తింటున్నప్పుడు ఉంటుంది. దుకాణంలో నాన్న పక్కన కూర్చుని బట్ట కొలుస్తున్నప్పుడు ఉంటుంది. ఎవరైనా నన్ను మంచి పిల్ల అన్నప్పుడు మరీ ఉంటుంది.

ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడం వల్లే చెప్పగలుగుతున్నాను.

మాది నాందేడ్. జూనా మోంఢా దగ్గర నాన్నకు బట్టల దుకాణం. మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు, ఎవరికీ తెలుగు చదవడం రాదు. అన్నలిద్దరూ నేనూ మరాఠీ బడిలోనే చదివాం. నాకు మాత్రం వేసవి సెలవుల్లో బోధన్‌లో అమ్మమ్మ తెలుగు అక్షరాలు దిద్దించింది. అందుకే నా డైరీ తెలుగులో ఉంటుంది. తాళం పెట్టక్కర్లేదు. బల్ల మీద తెరిచి వదిలేసినా మా ఇంట్లో ఎవరూ చదవలేరు. చిన్నప్పటి నుంచీ నేను మాట్లాడింది తక్కువ, రాసింది ఎక్కువ. ఎవరైనా ఒక మాట బాగా అంటే దాన్ని మర్చిపోకుండా ఇంటిదాకా మోసుకొచ్చి డైరీలో దింపేదాన్ని. అది దొంగతనం అని అప్పుడు అనుకోలేదు. ఇప్పుడు మాత్రం అలాగే అనిపిస్తుంది.

సోషల్ వర్క్‌లో పీజీ అయ్యాక ఒక పరిశోధన ప్రాజెక్టులో ఉద్యోగం దొరికింది. మా సారు పుణె మనిషి. మొదటి రోజే మాకు ఒక మాట చెప్పారు. ఏ మందు పనిచేస్తుందో, ఏ పద్ధతి ప్రాణం కాపాడుతుందో తేల్చే పరిశోధన వేరేవాళ్లు ఎప్పుడో చేసేశారు. తేలిన ఆ మంచి పద్ధతి ఒక మామూలు ఆసుపత్రిలో, ఒక మామూలు మంగళవారం నాడు ఎందుకు జరగడం లేదో తెలుసుకోవడం మన పని. తప్పు పట్టడానికి వెళ్లకండి, అడ్డం ఏముందో చూసి రండి, అన్నారు.

మా పద్ధతి చాలా చిన్నది. కాన్పు కాగానే తల్లి కింద ఒక ప్లాస్టిక్ సంచి పరుస్తారు. పోయే రక్తం అందులోకి దిగుతుంది. సంచి మీద ఒక పసుపు గీత, దాని పైన ఒక ఎర్ర గీత. కంటితో చూసి అంచనా వేస్తే ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా తక్కువే అనుకుంటారట. గీత అయితే అబద్ధం చెప్పదు. పసుపు దగ్గరికి రాగానే మందు మొదలుపెట్టాలి. ఎర్ర గీత దాటితే పెద్దాసుపత్రికి పంపాలి. ఐదు ఆసుపత్రుల్లో ఆ సంచులు ఇచ్చాం, నేర్పాం. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే సంచులున్నాయి, రిజిస్టర్లున్నాయి, కానీ అంకెలే ఏదో తేడాగా ఉన్నాయి. ఒక్క అంకె కూడా ఎర్ర గీత దాటలేదు. అన్ని కాన్పుల్లో, అన్ని నెలల్లో, ఒక్కటి కూడా. అలా ఎక్కడైనా జరుగుతుందా?

ఆ ఐదింటిలో ఒకటి తెలంగాణ సరిహద్దు పల్లెలో ఉండేది. ఒక ట్రస్టు వాళ్లు నడిపే చిన్న ప్రసూతి ఆసుపత్రి. ఊరి పేరు చెప్పను. ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సు, దిగి చెరుకు తోటల పక్క నుంచి కొంచెం నడవాలి. వచ్చే ఆడవాళ్లలో సగం మంది తెలుగు వాళ్లు. అక్కడి నర్సుల్లో తెలుగు మనిషి ఒక్కతే. ఆమెను సరోజక్క అంటాను. అది ఆమె అసలు పేరు కాదు. ఈసారైనా ఆ జాగ్రత్త పాటిస్తాను.

సరోజక్కది నిజామాబాద్ వైపు. ఆరేళ్లుగా పదకొండు నెలల కాంట్రాక్టు ఆర్డర్ మీద పనిచేస్తోంది. ప్రతిసారీ కాగితం అయిపోవడం, మళ్లీ కొత్త కాగితం రావడం. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. కాన్పు గదిలోంచి ఆమె అరుపు గేటు దాకా వినపడేది. "నూకు బిడ్డా నూకు, ఏడ్సుడు తర్వాత, ముందుగాల నూకు!" ఆ అరుపు విని బయట కూర్చున్న మొగుళ్లు లేచి నిలబడేవాళ్లు. నాకు అలాంటి గొంతు ఉంటే ఎంత బాగుండు అనిపించేది.

మొదటి వారంలోనే ఆమె నా సంచిలో తెలుగు పత్రిక చూసింది. "అరె, నీకు సద్వొస్తదా?" అని అడిగి, ఆ వారం సీరియల్ అక్కడే నిలబడి చదివేసింది. అప్పటి నుంచి ఊరెళ్లినప్పుడల్లా పాత పత్రికల కట్ట తెచ్చేది. నా జీవితంలో నా డైరీ చదవగలిగిన మనిషి ఆమె ఒక్కతే. అయినా ఎన్నడూ అడగలేదు. ఒక్కసారి మాత్రం నవ్వుతూ అంది: "నన్ను గూడ రాస్తున్నవా ఏంది అండ్ల? రాస్తే రాయి గని, లావు అని మాత్రం రాయకు."

లావని రాయలేదు. అంతకంటే పెద్ద పనే చేశాను.

ఇంకొక మనిషి ఉంది. పోసవ్వ, అక్కడి ఆయా. ఇదీ మార్చిన పేరే. అరవై దాటిన మనిషి, చదువు లేదు. ఉతికిన గుడ్డలు మడతపెడుతూ ఎప్పుడూ గోడకు ఆనుకుని కూర్చునేది. నేను వెళ్లగానే అడగకుండానే టీ తెచ్చేది. నేను సిగ్గుతో వద్దంటే, "తాగు, నీ నోట్లకెల్లి మాట రావాలంటే ముందుగాల ఏదన్న లోపలికి పోవాలె" అనేది.

ఆ రోజు సరోజక్క ఇంటర్వ్యూ. ఎండాకాలం మధ్యాహ్నం, మందులు పెట్టే గదిలో. గోడ పక్కన పోసవ్వ గుడ్డలు మడతపెడుతోంది. రికార్డర్ ముందు ఆమె వేరే మనిషి అయిపోయింది. ఆ పెద్ద గొంతు ఏమైందో తెలియదు. సంచి ప్రతి కాన్పుకూ వాడుతున్నాం. ఇబ్బంది ఏమీ లేదు. శిక్షణ బాగుంది. నేను కాగితంలో ఉన్న ప్రశ్నలన్నీ అడిగాను. అన్నిటికీ అలాంటి జవాబులే. ఆఖరికి రికార్డర్ ఆపాను.

"బందైందా అది?" అంది.

"అయిందక్కా."

"ఎర్ర బత్తి పోయిందా? మంచిగ సూడు."

చూపించాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఏం పోసవ్వా, మంచిగ చెప్పిన్నా?"

"మస్తు చెప్పినవ్. బడి పోరి పద్యం అప్పజెప్పినట్టు" అంది పోసవ్వ, మడతల్లోంచి తలెత్తకుండా.

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు వల్లే నాకు ధైర్యం వచ్చింది.

"అక్కా, రిజిస్టర్ల అన్నీ ఎర్ర గీతకు కిందనే ఉన్నయి. ఒక్కసారి గూడ దాటలేదా?"

ఆమె పక్కనున్న టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. "దాటకేం, దాటుతది. దాటిందని రాస్తే నాందేడ్ పంపాలె. పంపితే నెలాఖరి మీటింగ్‌ల నన్ను నిలవెడ్తరు. ఎందుకు పంపినవ్ సిస్టర్, నీకు చాతగాదా, మన దవాఖాన పేరు ఖరాబ్ జేస్తున్నవ్ అని. నిరుడు రెండుసార్లు నిలవడ్డ, అందరి ముందట. ఇంగ నాతోని గాదు. రక్తం గీత దాటుతది గని, నా పెన్ను దాటదు చెల్లె."

ఆ వాక్యం అప్పటికే నాలో ఎక్కడో అచ్చుపడిపోయింది. ఆమె ఆగలేదు.

"గట్లని మందు ఆపలే. పసుపు గీత కాడికి వస్తున్నదంటేనే సూది ఇస్త, సెలైన్ పెడ్త, కడుపు మీదకెల్లి చెయ్యి తియ్య. అయినా ఆగకుంటే బీపీ పెరిగిందని రాసి బండెక్కిస్త. బీపీ అంటే ఎవ్వలేం అనరు, రక్తం అంటే నర్సు తప్పంటరు. ఇంతవరకు ఒక్క తల్లిని పోనియ్యలే నేను. రాత తక్కువ రాసిన గని, చెయ్యి తక్కువ చెయ్యలే."

"అవ్ బిడ్డా, నేను సూసిన" అంది పోసవ్వ.

సరోజక్క టీ గ్లాసు కింద పెట్టింది. "ఇది నీ మిషన్‌కు గాదు. నీకు చెప్పిన."

తల ఊపాను. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ మెడలో గుర్తుంది.

తిరుగు బస్సులో మొత్తం రాసుకున్నాను. మొదటి సగం, రెండో సగం, పోసవ్వ అన్న మాట, "నీకు చెప్పిన" అన్నది కూడా. అంతవరకు తప్పు లేదనుకుంటాను. డైరీలో ఉన్నంతవరకు అది ఆమె నాకిచ్చిన వస్తువే. శిక్షణలో సారు చెప్పింది కూడా అదే: రికార్డర్ ఆపిన తర్వాత చెప్పింది మనది కాదు, చెప్పినవాళ్లది. కావాలంటే మళ్లీ అడిగి, ఒప్పుకుంటేనే తీసుకోవాలి. ఆ నియమం కూడా అదే డైరీలో, నా చేతిరాతతోనే ఉంది. కొన్ని పేజీల ముందు.

తర్వాతి నెల నాందేడ్ ఆఫీసులో అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. సారు ఇంటర్వ్యూల కట్ట తిరగేస్తూ విసిగిపోయారు. ఐదు ఆసుపత్రుల నుంచీ ఒకటే మాట, "సగళం వ్యవస్థిత్ ఆహే". అంతా సక్రమంగా ఉంది. "అంతా సక్రమంగా ఉంటే ఈ అంకెలేమిటి? ఒక్క మనిషి, ఒక్క నిజమైన మాట మాట్లాడినవాళ్లు లేరా?" అన్నారు మరాఠీలో.

అప్పటిదాకా ఆ బల్ల దగ్గర నేను నోరు తెరిచింది లేదు. నా కంటే చిన్నవాళ్లు కూడా మాట్లాడేవాళ్లు. నేను నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చునేదాన్ని. ఆ రోజు చెప్పాను. "రక్తం గీత దాటుతుంది, నా పెన్ను దాటదు" అని ఒక నర్సు అంది, అన్నాను. నా గొంతు వణికింది. అందరూ నా వైపు తిరిగారు. ఒకరు 'వా' అన్నారు. సారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఇంకోసారి చెప్పమన్నారు. నేను ఇంకోసారి చెప్పాను. రెండోసారి వణకలేదు.

"ఆమె అనుమతి ఇచ్చిందా?" అని అడిగారు.

"ఇచ్చింది సర్" అన్నాను.

ఎందుకన్నాను? చాలాసార్లు నన్ను నేనే అడిగాను ఈ ప్రశ్న. భయమా? కాదు, ఆ క్షణంలో నాకు భయం లేదు. పుట్టిన తర్వాత మొదటిసారి ఒక గదిలో అందరూ నా మాట వింటున్నారు. నా మాట కూడా కాదు, ఆమె మాట. ఆ వెలుగు ఇంకొంచెం సేపు నా మీద ఉండాలనిపించింది. అంతే. ఇంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

స్లయిడ్ నేనే తయారు చేశాను. మాటను మరాఠీలోకి నేనే మార్చాను. అక్కడే కోశాను. ఎవరూ కొయ్యమనలేదు. సారు చూసింది నేను కోసి ఇచ్చినదే. రెండో సగం ఉందని ఆయనకు తెలియనే తెలియదు. ఎందుకు కోశానో చెబితే మీకు నామీద అసహ్యం కలగవచ్చు. పుస్తకాలు చదివీ చదివీ, ఒక వాక్యం ఎక్కడ ఆగితే అందంగా ఉంటుందో నాకు తెలుసని గర్వం ఉండేది. 'నా పెన్ను దాటదు' దగ్గర ఆగితే అది చదివినవాడి గుండెలో దిగుతుంది. ఆ తర్వాత సూది, సెలైన్, బండి అని సాగదీస్తే చప్పబడిపోతుంది. అలా అనుకున్నాను. ఒక మనిషి పరువు ఆ చప్పటి సగంలోనే ఉందని తట్టలేదు. తట్టలేదా? ఏమో. ఒక్క క్షణం తట్టిందనే ఇప్పుడు అనుమానం.

ఇంకొకటి కూడా చేశాను. మాట కింద ఎవరన్నారో రాయకూడదు, 'ఒక ప్రసూతి నర్సు' అని రాయాలి. అలాగే రాసి, పక్కన 'తెలుగు నుంచి అనువాదం' అని చేర్చాను. అనువాదం నాది అని తెలియాలని. మా భాషలో ఇంత గొప్ప మాట పుట్టిందని తెలియాలని. ఐదు ఆసుపత్రుల్లో కలిపి తెలుగులో ఇంటర్వ్యూ ఇచ్చిన నర్సు ఒక్కతేనని నాకు తెలుసు. తెలిసినా, ఆ మూడు మాటలు రాసేటప్పుడు నాకు నేనే కనిపించాను, ఆమె కనిపించలేదు.

నాందేడ్‌లో ఒక హాల్లో సమావేశం జరిగింది. ఐదు ఆసుపత్రుల వాళ్లూ వచ్చారు. నేను చివరి వరసలో కూర్చున్నాను. నా స్లయిడ్ తెర మీద పడగానే హాలు నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం నాకు తీపిగా అనిపించింది, దాచను. సరోజక్క రాలేదు, ఆమె పనిచేసే ట్రస్టు కార్యదర్శి రెండో వరసలో ఉన్నారు. పెద్దాయన, చెడ్డవారేమీ కాదు. తెర మీది మాటను చిన్న నోట్‌బుక్‌లో మెల్లగా రాసుకున్నారు. రాసుకుని, కింద ఉన్న ఆ మూడు మాటల్ని ఇంకోసారి చదివారు. వెనక నుంచి ఆయన తల కదలడం చూశాను. అప్పుడు అర్థమైంది నాకు. లేచి నిలబడి, "సర్, ఆ మాట అక్కడితో అయిపోలేదు, ఇంకా ఉంది" అనగలిగేదాన్ని. హాల్లో మైకు కూడా ఉంది, అందరికీ ఇస్తున్నారు. నా వరస దాకా వచ్చింది. పక్కవాళ్లకు అందించాను.

ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నాను. కార్యదర్శి పోసవ్వను ఆఫీసు గదిలోకి పిలిచి, నోట్‌బుక్ చూసి చదివి, సరోజ ఇలా అన్నదా అని అడిగారు. పోసవ్వ ఆ గదిలోకి వెళ్లడం, చాలాసేపటికి బయటికి రావడం సరోజక్క చూసింది. నెలాఖరుకు ఆమె ఆర్డర్ అయిపోయింది. కొత్త కాగితం రాలేదు. ఆ మాట తనకెక్కడ దొరికిందో కార్యదర్శి ఆమెకు చెప్పలేదు. రక్తం పోతుంటే చూస్తూ కూర్చునే నర్సు మాకు వద్దు అన్నారట, వరండాలో, అందరూ వింటుండగా. ఆరేళ్లలో ఒక్క తల్లిని పోనివ్వని మనిషిని పట్టుకుని.

ఫారాలు తేవడానికి నేను వెళ్లిన రోజే ఆమె ఊరు వదిలి వెళ్తోంది. బస్టాండులో కనిపించింది. రెండు సంచులు, ఒక బకెట్, బకెట్ నిండా గిన్నెలు. ఆ పెద్ద గొంతు సన్నబడిపోయింది.

"ఎవరు చెప్పిండ్రో తెలిసింది చెల్లె" అంది.

నేను వంగి బకెట్‌లోని గిన్నెలు సర్దడం మొదలుపెట్టాను.

"ఆ గదిల ముగ్గురమే ఉన్నం. నువ్వు చెప్పవు. సదువుకున్నదానివి, కాయిదా కానూన్ తెల్సినదానివి. ముసల్దే. నేను సూస్తుంటనే ఆఫీస్‌లకు పోయింది. నా చేతి అన్నం తిన్నది ఆరేండ్లు. గిట్ల జేస్తదనుకోలే."

అప్పుడు చెప్పాల్సింది. ఇప్పుడు మనసులో ఎన్నిసార్లు ఆ బస్టాండుకు వెళ్తానో, ఎన్ని రకాలుగా చెబుతానో. ఒక్క మాట చాలు. 'నేనే అక్కా.' అంతే కదా. ఆమె నన్ను కొట్టినా బాగుండేది. నా నోట్లోంచి వచ్చింది ఏమిటంటే:

"బస్సు అచ్చిందక్కా."

బకెట్ నేనే లోపలికి అందించాను. ఆమె కిటికీలోంచి చెయ్యి చాపి నా చెంప తట్టింది.

రెండు నెలల తర్వాత ఆఖరి ఫారాల కోసం మళ్లీ వెళ్లాను. పోసవ్వ మెట్ల మీద కూర్చుని ఉంది. ఎప్పటిలాగే లేచి వెళ్లి టీ తెచ్చింది. నేను గ్లాసు పట్టుకుని తల దించుకున్నాను. ఆమె నా పక్కన కూర్చుంది.

"కార్యదర్శి నాకు సదివి వినిపిచ్చిండు" అంది. "నాందేడ్‌ల పెద్ద పర్దా మీద సూసి రాసుకున్నడంట. సరోజమ్మ గట్ల అన్నదా అని అడిగిండు. అన్నది గని ఇంకా గూడ అన్నది అని చెప్పిన. మందు ఆపలే అన్నది, ఒక్క తల్లిని పోనియ్యలే అన్నది, నేను గూడ సూసిన అని. ఆయన ఇనలే. కాగితంల లేదు గదా అన్నడు." నా వైపు తిరిగింది. "గా మాట రాయలేదా బిడ్డా?"

"జాగ సరిపోలే అవ్వా" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది. కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. "సంచికి ఉన్నట్టు మీ కాగితానికి గూడ గీత ఉంటదా, ఇంతకు మించి పట్టదని?"

నేను ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి ఊరుకుంది. ఏడ్చి ఏడ్చి, ఆఖరికి అడిగాను: "సరోజక్కకు చెప్పలేదా అవ్వా, నేనే అని?"

"ఆమె నా దిక్కే సూడకపాయె. ఏం చెప్పాలె. పోంగ పోంగ గూడ మొఖం తిప్పుకుంది." టీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. "నువ్వే చెప్తవ్ గదా అని ఊకున్న."

"చెప్తా అవ్వా" అన్నాను.

నాలుగేళ్లయింది.

ఈలోగా ఇంకొకటి జరిగింది. అది కూడా చెప్పాలి, లేకపోతే మళ్లీ సగమే చెప్పినట్టవుతుంది. మా నివేదిక చదివాక ఆ ఆసుపత్రుల్లో పద్ధతి మారింది. పెద్దాసుపత్రికి ఎందుకు పంపావని మీటింగ్‌లో నర్సును నిలబెట్టడం మానేశారు. ఎర్ర గీత దాటిన అంకెలు రిజిస్టర్లలో కనిపించడం మొదలైంది. సారు సంతోషించారు. అంకెలు చెడిపోయినందుకు సంతోషించిన పరిశోధన మనదే అని నవ్వారు. ఎక్కడో ఎవరో తల్లి ఆ మార్పు వల్ల సమయానికి నాందేడ్ చేరి ఉంటుంది. బిడ్డతో ఇంటికి వెళ్లి ఉంటుంది. కొన్నాళ్లు ఆ తల్లిని తలచుకుని బతికాను. ముఖం లేని ఆ తల్లిని నా తప్పు మీద దుప్పటిలా కప్పుకున్నాను. కానీ ఆ మార్పుకు నా కోత అవసరం లేదు కదా? మొత్తం మాట పెట్టినా అదే తెలిసేది, ఇంకా బాగా తెలిసేది. భయపడిన నర్సు కూడా చెయ్యి ఆపలేదని, భయం వల్ల కాగితం మాత్రమే అబద్ధమాడిందని తెలిసేది. సారు వెతికిన అడ్డం అదే. ఆయనకు కావలసిన నిజం రెండో సగంలో ఉంది. నేను చెడగొట్టింది ఒక మనిషి బతుకునే కాదు, చెయ్యడానికి వెళ్లిన పనిని కూడా.

ఆమె దగ్గరికి వెళ్లి అనుమతి అడిగి ఉంటే? ఒప్పుకునేదేమో. 'లావని రాయకు' అని నవ్వి ఒప్పుకునేదేమో. అదీ తెలియదు ఇక.

ఆ ఉద్యోగం మానేశాను. దుకాణంలో కూర్చుంటున్నాను. సరోజక్క ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో చేస్తోంది. ఆర్నెల్లకోసారి ఫోన్ చేస్తుంది. చదివిన కథ గురించి చెబుతుంది. ప్రతిసారీ ఈసారి చెబుదామనుకుంటాను. ప్రతిసారీ కథ గురించే మాట్లాడతాను.

పోయిన నెల పొద్దున్నే ఫోన్ వచ్చింది. దుకాణం షట్టర్ అప్పుడే ఎత్తుతున్నాం.

"పోసవ్వ పోయిందంట చెల్లె. మొన్న" అంది సరోజక్క. "వాళ్ల మనవడు ఫోన్ చేసిండు. ఆఖరికి నన్ను అడిగిందంట, సరోజమ్మ అస్తదా అని. నేను పోలే. మనసు రాలే."

అవతల ఆమె ముక్కు చీదడం వినిపించింది.

"అక్కడ నాకు మిగిలింది నువ్వొక్కదానివే" అంది.

నేను "అవునా అక్కా" అన్నాను. అవును, మళ్లీ అదే చేశాను. చనిపోయిన మనిషి మీద కూడా ఆ నింద అలాగే ఉండనిచ్చి, "అవునా అక్కా" అన్నాను. ఫోన్ పెట్టేశాక నాన్న ఎవరని అడిగితే, "స్నేహితురాలు" అన్నాను.

పోసవ్వ నన్ను కాపాడాలని ఊరుకోలేదు. నేను చెబుతానని నమ్మి ఊరుకుంది. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో ఈ నెల రోజులుగా తెలుస్తోంది. కాపాడి ఉంటే నేను చిన్నపిల్లనని జాలిపడింది అనుకుని ఏడ్చేదాన్ని. నమ్మింది. నమ్మి ఎదురుచూసింది. సరోజక్క వస్తుందా అని అడిగిందంటే, అప్పటికైనా నేను చెప్పి ఉంటానని అనుకుందేమో. చెప్పి ఉంటే వచ్చేది కదా అని. తలుపు వైపు చూసి ఉంటుందేమో. ఇక దీనికి నేను చేయగలిగింది ఏమీ లేదు. ఎవరి కాళ్ల మీద పడినా ఆ తలుపు తెరుచుకోదు.

నిన్న పాత డైరీ తీశాను. ఆ రోజు బస్సులో రాసిన పేజీ అలాగే ఉంది. కుదుపులకు వంకర అక్షరాలు. మొత్తం మాట ఉంది అందులో, ఒక్క ముక్క పోకుండా. ఈ కాగితాలు మీ చేతికి చేరేముందు ఆ పేజీ ఫోటో ఆమెకు పంపుతాను. నా అక్షరాలు ఆమె చదవగలదు. చదివిన తర్వాత ఫోన్ చేస్తుందో, ఇక ఎన్నటికీ చెయ్యదో తెలియదు. చెయ్యదనే అనుకుంటున్నాను. క్షమించమని రాయలేదు. క్షమించాల్సిన ఇంకొక మనిషి లేదు కాబట్టి, ఈమెను మాత్రం అడగడం నాకు న్యాయంగా తోచలేదు.

పేజీ కింద కొంచెం ఖాళీ ఉంది. జాగ సరిపోయింది. అక్కడ ఈ రోజు తారీఖు వేసి ఇలా రాశాను:

'ఈ మాట సరోజక్క నన్ను నమ్మి నాకు చెప్పింది. బయట పెట్టింది నేను. సగం కోసి పెట్టింది కూడా నేను. పోసవ్వ తనంతట తాను ఎవరికీ ఏమీ చెప్పలేదు. కార్యదర్శి అడిగినప్పుడు, నేను కోసేసిన సగాన్ని ఆయనకు చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.'

రాసి, పెన్ను మూత పెట్టి, ఆ పేజీకి ఫోటో తీశాను. గొంతులో ఉన్నది పోలేదు. కానీ ఇప్పుడది నా ఒక్కదాని గొంతులోనే లేదు.